వీపు

పదకొండు సీజన్లు వాడి వీపే చూసినాను.
గోలు కర్రల మధ్య నిలబడినోడికి
స్టాపర్ బ్యాక్ ముఖంతో పనిలేదు.
మెడ కింద చెమట గీసిన మ్యాపు,
ఉతికి ఉతికి తోక ఊడిపోయిన మూడో నంబరు,
ఆ భుజం ఎటు వొంగితే
బాల్ అటునుంచి వస్తాదని నా లెక్క.

గుంతకల్లు రైల్వే గ్రౌండులో
గడ్డి ఎప్పుడూ ఒక పుకారు.
గరుసు. ఎర్రటి గరుసు.
తిమ్మనచర్లలో వాళ్ల నాయన దూది ఏకి
ఊరందరికీ పరుపులు కుట్టినాడు.
కొడుకు కుళ్లాయప్ప మాత్రం
ఆ గరుసు మీదే తొడలు గీరుకుంటా జారినాడు,
వాడు లేచినాక దుమ్ము ఇంకొంచెం సేపు
వాడి ఆకారంలోనే నిలబడేది.

స్పోర్ట్స్ కోటాలో ఖలాసీ ఉద్యోగం.
పొద్దున లోకో షెడ్డులో బ్రేకులు బిగించేది,
సాయంత్రం ఫార్వర్డులకు బ్రేకులు వేసేది.
"రెండూ ఒకటే పని కదరా,
పోయేదాన్ని ఆపేదే."
కొత్త పిల్లోళ్లకు చెప్పేది ఒకటే మాట:
"కాళ్లు సూడొద్దు, నడుము సూడు.
కాళ్లు అబద్ధాలాడతాయి."

గోలు కొట్టినోడికి పూలదండ,
క్యాంటీన్‌లో ఆ పూట ఉగ్గాని, బజ్జీ ఫ్రీ.
గోలు పడకుండా చూసినోడికి ఏముంటాది?
జరగనిదానికి రసీదు ఎవరిస్తారు?

ఒక రాత్రి ఇన్‌స్టిట్యూట్ టీవీలో వరల్డ్ కప్పు.
పసుప్పచ్చ చొక్కాలతో రొమేనియా.
ఆ దేశం యాడుందో మాలో ఎవరికీ తెలీదు,
అన్నీ తెలిసిన బుకింగ్ క్లర్కు సాల్మన్‌రాజు కూడా
ఆ పొద్దు చేతులెత్తేసినాడు.
అందరం బాల్ చూస్తాండాము.
కుళ్లాయప్ప లేచి పోయి
టీవీ అంచులోకి తొంగి చూస్తాండాడు,
తెర పక్కన ఇంకో గది ఉన్నట్టు.
"వాళ్ల స్టాపర్ యాడున్నాడ్రా?
ఈ కెమెరావాడు బాల్ ఎనకే ఉరుకుతాండాడు."
ఒక్కసారి కనపడినాడు ఆయన,
కార్నర్ కిక్కుకు ముందు,
ఎవరినో తిడతా, సాక్సు పైకి లాక్కుంటా.
నోరు తిరగని పేరు.
"మనోడే" అన్నాడు కుళ్లాయప్ప.
తెల్లారి ప్రాక్టీసుకు వాడూ
సాక్సు మోకాలిదాకా లాక్కొని వచ్చినాడు,
ఎడమదానికి బొటనవేలు బయటికి చూస్తాంది.

హుబ్లీ వాళ్లతో ఫైనలు. ఇంక మూడే నిమిషాలు.
ఎండ నా కండ్లలో. ఎడమవైపు నుంచి క్రాసు.
నేను గీత దాటి ముందుకొచ్చినాను.
"నాది" అని అరవాల.
అరిచినాను.
నా అరుపు బాల్ కంటే జానెడు ఎనక వచ్చింది.
అప్పటికే వాడు తల పెట్టినాడు.
నా పక్కనుంచే పోయింది, తొందరేం లేకుండా,
కోడిపిల్ల గంప కిందికి దూరినట్టు
వలలోకి.

మరుసటి రోజు పేపర్లో రెండంగుళాల వార్త.
అన్ని సీజన్లలో వాడి పేరు అచ్చయింది అదొక్కసారి,
పక్కనే, సెల్ఫ్ గోల్.
ఆ పేరైనా సరిగ్గా వేసినారా,
కుళాయప్ప అంట.
షెడ్డులో నెలరోజులు
"ఏమప్పా, ఈ పొద్దు నీళ్లొస్తాయా" అని అడిగినారు.
కరువు ఊరు, ఆ జోకు బాగా పండింది.
వాడూ నవ్వినాడు.
నేను కూడా నవ్వినాను,
అదే నేను చేసిన రెండో తప్పు.

మోకాలిచిప్ప పోయినాక వాడిని స్టోర్సుకు మార్చినారు.
బోల్టులు లెక్కపెట్టి లెక్కపెట్టి రిటైరైనాడు.

ఇప్పుడు అదే గ్రౌండులో ఆడపిల్లలు ఆడతాండారు.
సాయంత్రం సిమెంటు మెట్ల మీద వాడు కూర్చుంటాడు.
పక్కన చోటున్నా
నేను ఒక మెట్టు ఎనకే కూర్చుంటా.
అక్కడైతేనే నాకు వాడు తెలుస్తాడు.

నిన్న చెప్పేసినాను. ఇరవై ఆరేళ్లకు.
"ఆ పొద్దు నేను అరిచింది లేటురా."

వీపు కదల్లేదు.
కింద కసాపురం పిల్ల ఒకతి, స్టాపర్,
చీపురుపుల్ల మాదిరి ఉంది,
కీపర్‌కు వీపు పెట్టి, చేతులు చాచి,
అడుగులో అడుగేసుకుంటా ఎనక్కొస్తాంది.

"బాల్ సూడు" అన్నాడు.