సెలవు పెట్టని మనిషి

పుంగనూరు సబ్ ట్రెజరీకి ఆడిట్‌కు పోయినప్పుడల్లా
నా కండ్లు అటెండర్ మునెయ్య మీదనే.
కొత్త చెప్పులు యాడివి వీడికి?
ఆ తర్వాత కంప్యూటర్ పిల్లోడు,
వాని కంతుల బండి.
"కాణిపాకంలో తడిగుడ్డలతో ప్రమాణం చేస్తా సార్"
నేను నోరు తెరవకముందే అన్నాడు మునెయ్య.

చెంగల్రాయుడు మాత్రం ఏమీ అనలేదు.
అడిగిన ఫైలు అడిగిన నిమిషంలో
తన తుండుతోనే దుమ్ము తుడిచి పెట్టినాడు.
ఇరవై రెండేండ్లలో ఒక్క సెలవు లేదు.
కూతురి పెండ్లినాడు కూడా
మూడు గంటలకు వచ్చి సీట్లో కూర్చున్నాడంట,
తలంబ్రాల బియ్యం ఇంకా కాలర్లో ఉండంగానే.
బీరువా తాళంచెవి మొలతాడుకే.
ఎంత నమ్మకస్తుడని మురిసిపోతిమి.

పోయిన నెలాఖరున కామెర్లు పట్టుకున్నాయి ఆయన్ని.
తొమ్మిది రోజులు.
ఆ తొమ్మిది రోజుల్లో పదకొండు మంది చచ్చిపోయినారు.
అంటే,
ఎప్పుడో చచ్చిపోయినోళ్ళు
ఆ నెల పింఛను తీసుకోవడం మానేసినారు.

చదళ్ళ కుప్పమ్మ, డ్రిల్లు మాస్టరు కన్నయ్య,
ఏటేటా బతికే ఉన్నామని వేలిముద్ర వేసినోళ్ళు.
కాయితాలన్నీ వరసగా పరిచి చూస్తే
ఒకే బొటనవేలు,
నడిమధ్యన అదే కత్తిగాటు.

"ఎందుకప్పా?" అంటే
"టీ చల్లారిపోతుంది సార్" అన్నాడు.
గ్లాసు అందించిన చేతి వైపు
అప్పుడు చూసినా నేను, మొదటిసారి.

మూడేండ్ల కిందటి రిపోర్టు ఇదే కట్టలో ఉంది:
"రికార్డుల నిర్వహణ ప్రశంసనీయం."
దస్తూరి నాది.
ఆ పొద్దు పెన్ను మరిచిపోయి పోయింటి.
ఆయనే ఇచ్చినాడు.