టీ డికాషన్

మంగళవారం పార్లర్‌కు సెలవు.
ఆ రోజు బైరాగిపట్టెడలో మా మిద్దె మీద
బూట్లకు ముస్తాబు.

జుట్టు రంగు దింపే తెల్లటి క్రీమే,
నలభై వాల్యూమ్ డబ్బా.
తలకైతే ముప్పావు గంట లెక్క.
సోలుకైతే
ఎండ ఎంత ఒప్పుకుంటే అంత.

ఈ జత చెంగల్రాయులు సారుది.
మున్సిపల్ స్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసినాడు.
తొంభై ఎనిమిదిలో, చెన్నై బర్మా బజార్లో
రెండు నెలల జీతం పోసి కొన్నాడంట.
"తొడిగింది పదకొండు మ్యాచులకే మా,
మిగతా ఏళ్లన్నీ బీరువాలో ఉండి
వాటంతటవే ముసిలివైపోయినాయి."
పాత పేపర్లోంచి తీస్తా, మెడ నిలవని
పసిబిడ్డను అందించినట్టు అందించినాడు.

నిజమే, నడవకపోయినా అరుగుతాయి.
సోలు నెయ్యి రంగుకు తిరిగింది.
మడమ దగ్గర వేలితో నొక్కితే
అటుకుల్లా రాలింది.

లేసులు సర్ఫులో నానేస్తే
బకెట్టు నిండా రాగిజావ.
తోలు మీద మెత్తటి బ్రష్షు,
కుట్ల సందుల్లో అగ్గిపుల్లకు చుట్టిన దూది.
లోపల, నాలుక వెనక,
బాల్‌పెన్నుతో ఐదంకెల ఫోను నంబరు.
ఎవరిదని నేనడగలేదు.
స్పిరిట్ చెమ్మ అంతదాకా పోకుండా
బొటనవేలు అడ్డం పెట్టుకొని తుడిచినా.

రాలిన మడమలోకి ఏం నింపాల?
అలిపిరి కాడ ఎవరో వదిలేసి కొండెక్కిన
ఒంటి హవాయి చెప్పు, నీలం పట్టీది,
బ్లేడుతో చెక్కి, గమ్ము పూసి,
సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టినా.
ఎవరి మొక్కో, ఎవరి మడమో.
రాత్రంతా పట్టుకొనే ఉన్నాయి.

పొద్దున క్రీము, పైన పల్చటి ప్లాస్టిక్ చుట్ట.
రోహిణి కార్తె ఎండ.
అరగంటకోసారి తిప్పాల, వడియాల మాదిరి.

అప్పుడే కింద నుంచి పిలుపు.
సెలవని బోర్డున్నా వినని పెండ్లికూతురు:
"కనుబొమ్మలొకటే అక్కా, రెండే నిమిషాలు."
దారం పట్టుకుంటే రెండు నిమిషాలా?
పైకొచ్చేసరికి
నూర్జహానక్క దుప్పటి ఆరేసిపోయింది,
సరిగ్గా ఎడమదాని మీద నీడ.

కుడిది ఉప్పుగల్లు.
ఎడమది అదే నెయ్యి.

ఇంకో రెండెండలు పెట్టినా.
మళ్లీ క్రీము, మళ్లీ చుట్ట.
ఆ పసుపు కొంచెం జరిగి కూర్చుంది,
బస్సులో మూడో మనిషికి చోటిచ్చినట్టు,
దిగలేదు.
ఇంకా పూస్తే సోలే పగులుతుంది.

నా దగ్గర డై వేయించుకునే ఒకామె
చెవుల పక్కన నాలుగు తెల్లవెంట్రుకలు
వదలమంటుంది ప్రతిసారీ.
"అన్నీ నల్లగుంటే నమ్మరు మా."
ఆమె మాట గుర్తొచ్చింది.

స్టవ్వు మీద టీ డికాషన్ పెట్టినా.
పాలు లేవు, చక్కెర లేదు.
చల్లారినాక, దూదితో,
కుడిదాని తెలుపును కొద్దికొద్దిగా మాపినా.
ఎనిమిదేళ్ల నా పనిలో
మెరిసేదాన్ని ముసిలిది చేయడం అదే మొదలు.
చెయ్యి వణికింది కూడా.

శనివారం సాయంత్రం వచ్చినాడు సారు.
తిప్పి చూసినాడు, వాసన చూసినాడు.
నాలుక ఎత్తి, నంబరు చూసి,
గబుక్కున మూసేసినాడు.
"రెండూ ఒక్క ఈడుగా ఉండాయే!"
నేను కిటికీలోంచి బయటికి చూసినా.

తొడుక్కొని మిద్దె మీద రెండడుగులు వేసి
లేని బంతిని ఒకసారి ఎగరేసినాడు.
గమ్ము కిర్రుమంది. నిలబడింది.

అంతలో శేషాచలం వైపు నుంచి చినుకులు.
గాబరాగా విప్పి, చంకలో పెట్టుకొని
ఒట్టి కాళ్లతో మెట్లు దిగి
వాన సందులో పరుగో పరుగు.
అరవై దాటిన మనిషి!

ఆయన వేసుకొచ్చిన చెప్పులు
ఇంకా మా మెట్ల కాడే ఉండాయి.
ఫోను చేస్తే, వస్తా వస్తా అంటాడు, రాడు.
నిన్న తిరగేసి చూసినా.
మడమలు గట్టిగానే ఉండాయి.
ఇంకో వారం చూస్తా.