కళ్లు తెరిచే ఉండాలె

ఫోటోల కళ్లు తెరిచే ఉండాలె,
నవ్వొద్దు, ఏడ్వొద్దు,
పట్టుకున్నోళ్ల చెయ్యి కనబడొద్దు.
సిరొంచల స్టూడియో బాపురావు రూల్సు చదివిండు.
తెల్ల దుప్పటి కప్పుకొని నేను గోడనైన.
ఒళ్లె ఎనిమిది నెలల బిడ్డ.
ఇరవై మూడు ఫోటోలల్ల
ఒక్కదాంట్ల సక్కగ చూసింది,
అదీ నన్ను వెతుక్కుంట.

పుట్టిన కాయిదం మరాఠీల ఉన్నది.
ఇంట్ల దుర్గం ఆరోహి,
కాయిదం మీద ఆరోహి మధుకర్ దుర్గం.
ఇంటిపేరు వాకిట్ల నుంచి పెరట్లకు పోయింది,
నడుమ నేను చొరబడ్డ.
నాగపూర్‌ల బొటనవేలు ముద్ర అడిగిన్రు.
సిరా వేలు తీసి చప్పున నోట్లె పెట్టుకున్నది.
పాస్‌పోర్టు కంటె ముందు
పెదవుల మీద పడ్డది నీలం ముద్ర.

గోదారి దాటుడు మాకు లెక్కల్నే లేదు.
కూరగాయలకు దాటుతం, పెండ్లికి దాటుతం,
ఇరవై రోజుల పిల్లకు జరమొస్తె
నడిజాము బ్రిడ్జి దాటి మంచిర్యాల ఉరికినం.
నువ్వెవరు, ఈ పిల్ల ఎవరు అని
నీళ్లు అడగలె, అవతలి ఒడ్డు అడగలె.

శంషాబాద్‌ల అడిగిన్రు.
"ఇస్కీ మా కహా హై?"
అద్దం వెనుక సారు
నా మొఖం చూసిండు, పిల్ల మొఖం చూసిండు,
ఏదో దొంగసొమ్ము లెక్క.
హిందీల చెప్పిన, మరాఠీల చెప్పిన,
ఆఖరికి తెలుగుల్నే వచ్చింది మాట:
వాళ్లమ్మ దగ్గరికే పోతున్న సార్.
మస్కట్ దవాఖానల నర్సు.
సెలవైపోయి ఐదో నెలల పోయింది.
డ్యూటీ నడుమ బాత్రూంల పాలు పిండి పారబోసిన అని
ఒకసారి ఫోన్ల చెప్పి ఊకుంది.
ఇది మాత్రం సారుకు చెప్పలె.
ఆమె సంతకం పెట్టిన ఉత్తరం జరిపిన.

పాలసీస చూసి తాగమన్నరు.
తాగిన. తియ్యగ, వెచ్చగ, ఎవ్వరివీ కాని పాలు.

విమానం లేస్తుంటె చెవులు పడుతయంట,
ఏదన్న చప్పరియ్యాలెనంట.
సీస ముట్టలె. మా అవ్వ కట్టిచ్చిన గుడ్డ ముట్టలె.
ట్రాక్టర్ తోలిన నా చిటికెన వేలు
డీజిల్ వాసన పోలేదేమో,
దాన్నే పట్టుకొని కండ్లు మూసింది.
నా బెల్టుకు ఆమె బెల్టు,
మబ్బుల మీద ఇద్దరం ఒక్క మూట.

మల్ల లేసింది. మల్ల ఏడ్సింది.
ముందు సీట్లె ఎవరో నాలిక కొట్టిండు.
పక్కన జగిత్యాలాయన, గడ్డం నెరువలె ఇంకా,
"జర ఇటియ్యన్న" అన్నడు.
ఇచ్చిన.
భుజానేసుకొని సీట్ల నడుమ అటు నడిసిండు, ఇటు నడిసిండు.
పిల్ల నిద్రపోయింది. ఆయన కూసోలె.
గంట అయినంక తెచ్చి ఒళ్లె పెట్టి
"మావోడు తొమ్మిది నెల్లోడన్న,
నిన్న నిద్రపొయ్యేదాక ఆగి వచ్చిన" అన్నడు,
ఇగ కిటికి దిక్కు తిరిగిండు.
నేను నీళ్లియ్యబోయిన. తీసుకోలె.

మస్కట్‌ల బయటి తలుపు తెరుచుకున్నది.
సువర్ణ డ్యూటీ డ్రెస్సు మీదనే వచ్చింది,
చేతులు చాపి, అడుగు ముందుకు పడక.

ఆరోహి మూడు నెల్లు
ఆమెను అరచెయ్యంత చూసింది.
రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు
గ్లాసు మీద వేలు పెట్టి గీకేది,
అమ్మ పక్కకు జరిగిపొయ్యేది.
గిప్పుడు గింత పెద్దగ, చెమట వాసనతోని,
చేతులున్న అమ్మ.

ఫోటోల లెక్కనే చూసింది.
నవ్వలె, ఏడ్వలె, కళ్లు తెరిచే.
మెల్లగ వేలు చాపి
వాళ్లమ్మ చెంప మీద పెట్టి గీకింది.
జరుగలె.
వేలు తడైంది.
తీసి నోట్లె పెట్టుకున్నది.