కింది కొమ్మ

మొదట చూడాల్సింది కింది కొమ్మని.
పైకొమ్మ చివరిదాకా పచ్చగా అబద్ధమాడుతుంది.
అందుకే బిట్టోర్ తోటలో అడుగుపెట్టగానే
నాకు అనుమానమొచ్చింది:
మూడు వందల పైన్ చెట్లు,
ఒక్కదానికీ నా తల ఎత్తులోపు కొమ్మ లేదు.

బాస్క్ కొండల మీద మే నెల.
షిరిమిరి పడుతోంది,
వాన అనిపించుకోవడానికి సిగ్గుపడే తుంపర,
గొడుగుని ఏమార్చి ఎముకల్లోకి దిగేది.
బూజుకి అదే పల్లకి.
ఒక్క చినుకు చిట్లితే చాలు
ఈ సూది మీది రోగం ఆ సూది మీద వాలుతుంది.

నిచ్చెనేసుకుని ఒక కట్ట తెంపాను.
ఒక్క తొడిమకి మూడు సూదులు.
భూతద్దం కింద
మొదలు ఇంకా పచ్చన, కొస గోధుమ,
నడుమ అడ్డంగా ఇటుకరంగు పట్టీ,
పట్టీలో తోలు చీల్చుకుని తలెత్తిన నల్లచుక్కలు.
మంచు కాటైతే కొసలన్నీ ఒకేసారి మాడతాయి.
నేల పస్తు పెడితే సూది నిలువెల్లా పసుపెక్కుతుంది.
ఇలా అడ్డగీతలు గీసి
వడ్డీ వ్యాపారిలా లెక్క రాసుకునేది
బూజే.

"ఎప్పట్నుంచి?" అన్నాను.
బిట్టోర్ జేబులు తడుముకున్నాడు,
అక్కడేదో తేదీ దొరుకుతుందన్నట్టు.
"మడ్డలెన్ పోయిన ఏడు."
నాలుగేళ్లు.
రాత్రుళ్లు నుదుటికి దీపం కట్టుకుని
ఎర్రబడిన కొమ్మల్ని ఒక్కడే కోశాడట,
నాలాంటివాళ్ల కంట పడకుండా.

నవ్వు రాలేదు.
మీరు దాచడానికి చేసిందే సగం వైద్యం, అన్నాను.
కింద ఖాళీ అయితే గాలాడుతుంది,
గాలాడితే సూది త్వరగా ఆరుతుంది,
ఆరిన సూది మీద మొలవడానికి బూజుకి బద్ధకం.
మిగతా సగమే చెడింది.
కోసినవన్నీ చెట్ల మొదట్లోనే పోగేశారు,
రోగానికి పక్కేసి పడుకోబెట్టారు.

ఈ వాలు అతని బ్యాంకు పుస్తకం.
ఇంటి కప్పుకి దక్షిణపు వరసలు,
పళ్లసెట్టుకి వాగు పక్కవి,
శవపేటికకి రెండు, తనే ఎంచి పెట్టుకున్నవి.
వాటికీ పట్టీలున్నాయి.

"హెలికాప్టర్ పిలిచి రాగిమందు చల్లించు."
మొన్న శుక్రవారం ఊరి సభలో
ఈ మాట మీదే కుర్చీలు లేచాయి.
దిగువన తేనెపెట్టెలు పెట్టే ఎనెరిత్స్ అంది:
"రాగి గిన్నెలో చేపని వండుకోవచ్చు,
రాగి వాగులో చేప బతకదు."
ఎవరూ జవాబివ్వలేదు. చప్పట్లూ కొట్టలేదు.
రాగి, రేపు పొడిచే లేత సూదికి కాపలా కాయొచ్చు,
నిన్నటి సూదికి ప్రాణం పోయదు.
చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం
మా అడవుల శాఖకి కొత్త కాదు.
ఈసారి ఆకులూ కాలి ఉన్నాయి.

రంగు డబ్బా తీశాను.
తల సగానికి పైగా మాడినవాటికి ఒక గీత.
ఒకదాన్నొకటి ఆనుకుని ఊపిరాడనివాటికి ఒక గీత.
తడిలో కొట్టకండి, ఎండ కాసిన రోజునే,
తుక్కు ఇక్కడ ఉంచకండి,
మళ్లీ నాటితే ఇదొక్కటే నాటకండి,
ఓక్ ఉంది, బీచ్ ఉంది...
నూట ఎనభై దాటాక లెక్క నోట్లోనే ఆగింది.
శవపేటిక చెట్ల దగ్గర
డబ్బా నా చేతిలోంచి తీసుకుని
ఆ రెండు గీతలూ తనే గీశాడు.

కూలిన రాతిగోడ వెనక చూస్తే
నా మొదటి లెక్క తప్పు.
ఒకటుంది.
రోగిష్ఠి చెట్ల మధ్య భుజానికి భుజం రాసుకుంటూ,
కింది కొమ్మ నా మోకాలికి తగిలేంత కిందికి,
రంపానికి పని చెప్పనంత పచ్చగా.
"దీన్నేం చేశావు?"
"ఏమీ చెయ్యలేదు. చెయ్యాల్సి రాలేదు."
నీలం రిబ్బను కట్టాను, కాయలు ముదిరాక వస్తానని.
ఎందుకు బతికిందో తెలియదు.
నోటుపుస్తకంలో అలాగే రాశాను: తెలియదు.

కారు దగ్గర బూట్ల అడుగుల్లో ఇరుక్కున్న
మట్టినీ సూదుల్నీ బ్రష్షుతో గీకి
ఆల్కహాల్ చల్లాను.
పదేళ్లుగా తోట తోటా తిరిగే కాళ్లు ఇవి.
రోగాన్ని నేనే ఎన్ని గుమ్మాలు ఎక్కించానో
ఏ రికార్డులోనూ లేదు.
బిట్టోర్ కాసేపు చూశాడు.
తర్వాత ఏమీ అనకుండా
తన బూట్లు కూడా ముందుకు చాపాడు.