అంచు గీసే పని

బాలానగర్‌లో మూడో అంతస్తు.
మెషీన్ల కోసం ఏసీ పద్దెనిమిది మీదుంటుంది.
మేం శాలువాలు కప్పుకుని
అంటార్కిటికా అంచు గీస్తుంటాం.

నా వాటా నూట పదకొండు కిలోమీటర్లు.
మౌస్‌తో ఒక చుక్క. చుక్కకీ చుక్కకీ మధ్య గీత.
ఇటు మంచు, అటు సముద్రం.
చెప్పడానికి తేలికే.

జూన్‌లో అక్కడ సూర్యుడుండడు.
రాడార్ బొమ్మలొస్తాయి, బూడిద రంగులో,
పిండి జల్లెడ కింద ఎవరో వేళ్లు పెట్టి కెలికినట్టు.
విరిగిన పలకలు విరిగినచోటే మళ్లీ గడ్డకట్టి
మేమింకా ఒకటే కుటుంబం అన్నట్టు నిలబడతాయి.
ఏది వెయ్యేళ్లు నడిచొచ్చిన మంచు,
ఏది నిన్న రాత్రి సముద్రం కట్టిన తొరక?

"డౌటుంటే పోయినేడాది గీతే ఉంచమ్మా"
అంటాడు మా సూపర్‌వైజర్ విరూపాక్షం.
మంచివాడే. అతనికీ ముప్పయ్యో తారీఖుంది.

అసలు అంచు అది కాదని రెండో ఏడు తెలిసింది.
కనిపించే అంచు పెరుగుతుంది, విరుగుతుంది,
గోరులాగా మళ్లీ పెరుగుతుంది.
దానికి ఎంతో వెనక, కిలోమీటరు మందం కింద
మంచు చివరిసారి రాతిని తాకే చోటొకటుంది.
పాదం లేచే చోటు.
అక్కణ్ణుంచి ఇవతలంతా తేలడమే.
పోటుకి లేస్తుంది, ఆటుకి దిగుతుంది,
పడుకున్న బర్రె డొక్కలా.

తేలే మంచు కరిగితే సముద్రం పెరగదు,
గ్లాసులో ఐసుముక్క లెక్కే అది.
కానీ అది గడపకి అడ్డంగా పడుకున్న మనిషి.
ఆ మనిషి లేస్తే
లోపలున్నవాళ్లంతా బయల్దేరతారు.

సాయంత్రం రాంనగర్ చేపల మార్కెట్లో దిగుతాను.
జహంగీర్ చిచ్చా రంపంతో ఐసు దిమ్మ కోస్తుంటాడు.
గోనెపట్టా మీద, ఊక కింద.
పైన కప్పితే చాలదా అనడిగా ఒకసారి.
"ఎండ ఏం జేస్తది బేటీ,
కింద తడి నేలే దాన్ని తింటది.
పైకి సూస్తే నిన్నటి లెక్కనే ఉంటది,
ఎత్తితే సగమే ఉంటది."
రెండేళ్ల ట్రైనింగు
రెండు రూపాయల పొట్టుతో చెప్పేశాడు.

తుమ్మకుంట కాలనీలో అద్దె ఇల్లు మాది.
పోయిన బుధవారం టేపులతో వచ్చి
గోడ మీద ఎర్రరంగుతో రాసిపోయారు: ఎఫ్‌టీఎల్.
కుంట నిండితే నీళ్లు ఇక్కడిదాకా అని.
గీత వంటింటిని కోసుకుంటూ పోయింది.
పొయ్యి చెరువులో ఉంది,
మంచం ఊళ్లో.

మా ఓనరు సుగుణాబాయి ఏడవలేదు.
రిజిస్ట్రేషన్ కాగితాలు నా ముందు పరిచి
"నువ్వు గీతలు గీసేదానివే గదా,
జర్ర జరపమని చెప్పరాదూ ఆళ్లకు" అంది.
ఎంత జరపాలి అన్నాను, ఏమనాలో తోచక.
"గీ రోలు అవతలికి. అంతే."

నా దగ్గర ఆఖరికి ఆ మాటే ఉంది,
డౌటుంటే పోయినేడాది గీతే ఉంచు.
అది నోటిదాకా వచ్చి ఆగింది.

ఆ రాత్రి వాన.
వీధి గుమ్మం ముందు నేను చీపురు పట్టుకుని కూర్చున్నా.
వీధిలోంచి చుక్క నీరు రాలేదు.
వెనక వంటింట్లో, బండల సందుల్లోంచి,
చప్పుడు లేకుండా,
గోరువెచ్చగా వచ్చింది.

పొద్దున ఆఫీసులో నా మూల తెరిచాను.
పోయినేడాది గీత పసుప్పచ్చగా కిందుంది.
దాని మీద పడకుండా
ఒక్కో చుక్కా లోపలికి పెట్టుకుంటూ వెళ్లాను.
విరూపాక్షం వెనక నిలబడి చాలాసేపు చూశాడు.
"ష్యూరేనా?" అన్నాడు.
నా చెప్పులింకా తడిగానే ఉన్నాయి.
ష్యూర్ సార్ అన్నాను.

ఇంటికొచ్చేసరికి
సుగుణాబాయి బియ్యం డ్రమ్ము కింద
రెండు ఇటుకలున్నాయి.
నిన్న ఒకటే ఉండె.