ఎదురుకాళ్లు

నేను ఎదురుకాళ్లతో పుట్టిన.
పరకాల దవాఖానల మా అమ్మ చావు తప్పించుకున్న రాత్రి
ముందుగాల నా మడిమలే లోకాన్ని చూసినయట.
అందుకే ఆరేండ్లకే నాకో వైద్యం అంటగట్టిన్రు.
నడుము పట్టినోళ్లు, మెడ పట్టినోళ్లు
పొద్దుగూకంగ మా అరుగు మీద బోర్ల పండుకునేటోళ్లు.
"మూడుసార్లు తొక్కు బిడ్డా, ఎడమకాలితోని."
తొక్కేదాన్ని.
గుప్పెడు పుట్నాలు నా ఫీజు, ఒక్కోపాలి రూపాయి బిళ్ల.

ఇప్పుడు ఎంజీఎంల ఎముకల ఓపీ, మంగళవారం.
మెడల స్టెతస్కోపు, జేబుల చిన్న సుత్తె,
తలకాయ నిండ బట్టీపట్టిన పేజీలు.
ఎదురుంగ ఓదెలు,
ఎనుమాముల మార్కెట్ల హమాలీ, నలభై నాలుగేండ్లు.
అంగి ఇప్పితే భుజాల మీద మిర్చి ఘాటు.
తుమ్ము ఆపుకుంట రాసుకున్న:
నడుము నొప్పి, మూడు నెలలు, బరువులు మోస్తడు.
కాళ్లు లేపి చూసిన. మోకాళ్ల మీద కొట్టి చూసిన.
"కండరం పట్టింది మేడం" అని చెప్పిన,
చిల్లర లెక్కబెట్టి చేతుల పోసినట్టు.

తస్లీం మేడం నన్ను చూడలే.
రెండు అరచేతులు రుద్దుకుని వెచ్చజేసుకున్నది.
చల్లటి చెయ్యి తగిలితే కండరం బిగుస్తది,
బిగిసిన కండరం అబద్ధమాడుతది
అని ఒకపాలి చెప్పింది, నేను రాసుకోలే.
రెక్క ఎముక కింది మూల దొరకబట్టి
అక్కడికెళ్లి ఒక్కొక్క పూస దిగింది,
ఏడు, ఎనిమిది, తొమ్మిది,
కరెంటు పోయిన ఇంట్ల మెట్లు దిగుతున్నట్టు.
పదో పూస కాడ ఆగి
వేలితోని మెల్లగ తట్టింది.
బస్తా మీద బస్తా ఏసినా అరువని మనిషి
"అవ్వా" అన్నడు.

"నొప్పి పగలా, రాత్రా?"
"రాత్రే. ఒరిగితె ఎక్కువ."
"మాపటికి పెయ్యి ఎచ్చవడుతదా?"
"అయితది. తెల్లారెటాల్లకు అంగి పిండుకోవాలె."
"లాగు జారుతున్నదా?"
ఓదెలు నవ్వి మొలతాడు చూపిచ్చిండు.
రెండు ముళ్లు కొత్తయి.
నా కాగితంల ఈ ముళ్లు లేవు.

ఆనక ఎక్స్‌రే, ఎమ్మారై, సూదితోని తీసిన చీము చుక్క.
క్షయ. ఎముకకు పట్టిన చెదలు.
పేరు తెలిసినంక మిగిలింది తేలికనుకున్న.
నాలుగు తీర్ల గోలీలు, పరిగడుపున, ఏడాదో ఇంకెక్కువో,
నడుముకు పట్టీ,
మూత్రం ఎర్రగొస్తె భయపడద్దు,
రంగులు తేడాగ కనవడ్డా, కాళ్లు మొద్దువారినా ఆ రోజే రావాలె.
అంతా అప్పజెప్పి
చివరికి "బరువు మొయ్యద్దు" అన్న.
"మరి ఏం మొయ్యాలె?" అన్నడు.
ఏ పేజీల లేదు.
మేడం అప్పటికే ఫోన్ల ఎవర్నో అడుగుతున్నది,
మార్కెట్ల కాంటా కాడ కూసునే పని ఏదన్న ఉంటదా అని.
దొరికిందో లేదో నాకు తెల్వదు.

లేచి పోవుకుంట ఓదెలన్నడు:
"ముందుగాల ఎదురుకాళ్ల పోరనితోని తొక్కిచ్చుకున్న డాక్టరమ్మా,
తగ్గలే."
బల్ల కింద నా కాళ్లు చెప్పులల్ల ముడుచుకున్నయి.

ఆ రాత్రి హాస్టల్ల
బీడీల నర్సవ్వ యాదికొచ్చింది.
మా అరుగు మీద మూడు మాపులు పండుకున్నది.
తొక్కినప్పుడల్ల కొంగు పంటికింద పెట్టుకునేది.
"సల్లగుండు బిడ్డా, తేలికైంది" అనేది.
ఆ ఏటి ఎండలకు మంచం పట్టింది, కాళ్లు పడిపోయినయి,
గాలి సోకిందన్నరు.
ఏ పూసనో. రాత్రి నొప్పో, పగటి నొప్పో.
వట్టి పట్టే కావచ్చు, ఇంకేదన్న కావచ్చు.
ఆరేండ్ల మడిమకు అడగరాదు.

పక్క మంచం మీది సుచరితను లేపిన.
"ఒక్కపాలి బోర్ల పండు."
తిట్టుకుంటనే పండుకున్నది.
అరచేతులు రుద్దుకున్న, వెచ్చవడేదాక.
రెక్క కింది మూల. ఏడు. ఎనిమిది.
తొమ్మిది కాడ వేలు జారింది.
మళ్ల మొదటికెళ్లి.