పీచు గోడలు

గోడలకి కొబ్బరిపీచు పరుపులు మేకులతో బిగించాం.
బయటి చప్పుడు లోపలికి రాదనుకున్నాం గానీ
రేవులో పంటు హారన్ కొట్టినప్పుడల్లా
వార్తల మధ్యలోకి దూరుతూనే ఉంటుంది.
"ఉండనివ్వండి మేడమ్, మన ఊరని తెలుస్తుంది"
అంటుంది ఏస్తేరు కుమారి, వైరు ముక్క పళ్ల మధ్య పట్టుకుని.

పందొమ్మిదేళ్లుగా రేడియోలో నీటిమట్టాలు చదువుతున్నాను.
క్యాజువల్ అనౌన్సర్‌ని. నెలకి ఆరు డ్యూటీలు.
"ధవళేశ్వరం వద్ద పదకొండు పాయింట్ ఏడు ఐదు అడుగులు,
మొదటి ప్రమాద హెచ్చరిక" అని
గొంతు వణక్కుండా చెప్పడానికి
మూడు వరదలు పట్టింది నాకు.
మూడోసారి మా ఇంట్లోకీ మోకాలి లోతు వచ్చింది.
అది చదవలేదు. కాగితంలో లేదు.

కాగితంలో ఉన్నదీ ఒకసారి చదవలేదు.
"రొయ్యల చెరువుల నీళ్లు తాగే కాలవలో కలుస్తున్నాయి.
కొత్తరేవులంక పిల్లలకి ఒంటినిండా దద్దుర్లు."
నేనే వెళ్లి చూసి, నేనే రాసిన రెండు ముక్కలు.
ఆఫీసరు గారు ఎర్రపెన్సిలుతో, మెల్లగా,
కదిలే పన్ను పీకినట్టు తీసేశారు.
మంచాయన. టీ కూడా ఇప్పించారు.
"ఇది మనది కాదమ్మా" అన్నారు.
మరెవరిదని అడగలేదు నేను.
మిగిలిన అర నిమిషంలో
కాండం తొలిచే పురుగు గురించి నిదానంగా చదివాను.
ఆ కాగితం బియ్యం డబ్బా అడుగున ఉంది.

అందుకే ఈ షెడ్డు.
తాళ్లు పేనే సత్యవేణి వాళ్లు సగం ఖాళీ చేసి ఇచ్చారు.
ఇంటికి ఇరవై రూపాయలు. లేనివాళ్లు కాయలిస్తారు,
అవి అమ్మి నెట్ బిల్లు కడతాం.
మేతల కంపెనీ ఆయన కారేసుకొచ్చాడు,
ఏడాదికి సరిపడా ప్రకటనలిస్తానన్నాడు.
ఏస్తేరు గేటు దాకా వెళ్లి మర్యాదగా సాగనంపింది.
ఆ నెల మా ఫ్యూజు పీక్కుపోయారు.

మొదటి రాత్రి చదివింది ఆ రెండు ముక్కలే,
ఎర్ర గీత కింద నుంచి అక్షరాలు ఏరుకుంటూ.
తెర మీద అంకె: పదకొండు మంది.
అందులో ఒకామె మస్కట్‌లో వంటపని చేస్తుంది.
"మా బుడ్డోడికీ ఉన్నాయండి, మా అత్త చెప్పలేదు" అని రాసింది.

ఇంతలో అటు కబురు:
లోకల్ కార్యక్రమాలు ఎత్తేస్తారట.
అన్నీ రాజధాని నుంచే వస్తాయట, మా ఏటి నీళ్ల లెక్క కూడా,
మొగ అంటే ఏమిటో తెలియని గొంతులో.

వద్దని అర్జీ రాసుకుని రేవులో నిలబడ్డాను.
"మీ నోరు నొక్కినోళ్లకా సంతకాలు?" అన్నారు.
"ఆరు డ్యూటీలు పోతాయనేగా?" అన్నాడొకడు.
అదీ ఉంది. దాచను.

సంగాని నూకరాజు మాత్రం ఏమీ అనకుండా వేలు సిరాలో ముంచాడు.
అతని బోటులో ప్లాస్టిక్ సంచిలో కట్టి
ట్రాన్సిస్టరు వేలాడుతుంటుంది, ఉప్పుగాలి తగలకుండా.
"మొగ దాటాక ఫోను ఒట్టి అద్దంముక్కండీ.
గాలి తిరిగిందని చెప్పేది ఈ డబ్బా ఒక్కటే.
మీ షెడ్డు మాట సముద్రమ్మీదికి రాదు కదండీ."

రాదు.
దద్దుర్ల సంగతి చెప్పే గొంతు మొగ దగ్గర ఆగిపోతుంది.
మొగ దాటే గొంతు మీద ఎర్రపెన్సిలు.

ఏరు దాటాక తెప్ప తగలేస్తారని సామెత.
ఇంకా దాటనే లేదు బాబూ,
నడి ఏట్లో ఉన్నాం, అందరం దాని మీదే ఉన్నాం,
అప్పుడే అగ్గిపుల్ల ఎవరు గీస్తున్నారు?

నాలుగు వందల పన్నెండు సంతకాలు పంపాం. జవాబు లేదు.
ఈ సోమవారం డ్యూటీ పడింది.
స్క్రిప్టులో ఆ రెండు ముక్కలు మళ్లీ రాశాను,
పిల్లల లెక్క మాత్రం కొత్తది, పెరిగింది.
ఆఫీసరు కొత్తవాడు, కుర్రాడు.
పెన్సిలు అదే.
ఎత్తాడు.
ఇంకా దించలేదు.